ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్: పిల్లలలో రోగనిరోధక ప్రతిస్పందన

ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్ అనేది ఎప్‌స్టీన్-బార్ వైరస్ వలన కలిగే ఒక అంటువ్యాధి. జ్వరం, గొంతు నొప్పి, మెడలో శోషరస గ్రంథుల వాపు దీని ముఖ్య లక్షణాలు. దీనిని గ్రంథి జ్వరం అని కూడా అంటారు. ప్రపంచంలోని పెద్దవారిలో 90 శాతానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకినవారే. అయినా వారిలో అనేకులకు ఇటువంటి జ్వరం వచ్చిన గుర్తు ఉండదు. పసితనంలో సోకితే ఇది సాధారణంగా చిన్న జలుబులాగానో, ఏ లక్షణమూ లేకుండానో గడచిపోతుంది. కౌమారంలో సోకితే వారాల తరబడి మంచం పట్టిస్తుంది. రెండు సందర్భాలలోనూ వైరస్ ఒక్కటే. దానిని ఎదుర్కొనే రోగనిరోధక వ్యవస్థ తీరు మాత్రం వేరు. ఈ వ్యాధి లక్షణాలలో అధిక భాగం శరీరం జరిపే పోరాటం వలన కలిగేవే కాబట్టి, పిల్లలలో ఈ ప్రతిస్పందన ఎలా సాగుతుందో తెలిస్తేనే వ్యాధి నిర్ధారణ, చికిత్స, జాగ్రత్తలు అర్థమవుతాయి.

చరిత్ర

ఈ జ్వరాన్ని పిల్లల వ్యాధిగానే మొదట గుర్తించారు. 1885లో రష్యా దేశపు పిల్లల వైద్యుడు నీల్ ఫిలాటోవ్, 1889లో జర్మన్ వైద్యుడు ఎమిల్ ఫైఫర్ దీనిని వర్ణించారు. గ్రంథి జ్వరం అనే అర్థం వచ్చే జర్మన్ పేరు పెట్టినది ఫైఫరే. 1920లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ సంస్థకు చెందిన థామస్ స్ప్రంట్, ఫ్రాంక్ ఎవాన్స్ ఇటువంటి రోగుల రక్తంలో ఒకే కేంద్రకం గల తెల్ల రక్తకణాలు విపరీతంగా పెరగడం గమనించి ఇప్పటి పేరును వాడారు. 1923లో హాల్ డౌనీ, మెకిన్లే ఆ కణాల రూపాన్ని వివరంగా వర్ణించారు. 1932లో జాన్ పాల్, బన్నెల్ అనే వైద్యులు ఈ రోగుల రక్తరసం గొర్రె ఎర్ర రక్తకణాలను గుచ్ఛాలుగా కట్టిస్తుందని కనుగొన్నారు. చాలాకాలం వ్యాధి నిర్ధారణకు ఇదే ఆధారమయింది. ఇంతవరకూ కారకం ఏమిటో ఎవరికీ తెలియదు.

కారకం తెలిసిన కథ ఆఫ్రికాలో మొదలయింది. ఉగాండాలో పనిచేస్తున్న డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు అక్కడి పిల్లల దవడలలో వేగంగా పెరిగే ఒక కంతిని 1958లో వర్ణించాడు. 1961లో లండన్‌లో ఆయన ఇచ్చిన ఉపన్యాసం విన్న ఆంథోనీ ఎప్‌స్టీన్ ఆ కంతి నమూనాలను తెప్పించుకొని పరిశోధన ప్రారంభించాడు. 1964లో ఎప్‌స్టీన్, ట్రినిడాడ్‌లో జన్మించిన బర్ట్ అచాంగ్, ఐర్లండ్‌లో జన్మించిన వోన్ బార్ కలిసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రింద ఒక కొత్త వైరస్‌ను చూశారు. వైరస్ పేరులో అచాంగ్ పేరుకు చోటు దక్కలేదు.

ఈ వైరస్‌కూ గ్రంథి జ్వరానికీ సంబంధం దాదాపు కాకతాళీయంగా బయటపడింది. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో వెర్నర్ హెన్లె, గెర్ట్రూడ్ హెన్లె దంపతుల ప్రయోగశాలలో ఒక సహాయకురాలి రక్తంలో ఈ వైరస్‌కు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) లేవు. అందుచేత ఆమె రక్తాన్ని పోలిక కోసం వాడుతూ ఉండేవారు. 1967లో ఆమెకు గ్రంథి జ్వరం వచ్చింది. కోలుకున్న తరువాత చూస్తే రక్తంలో ప్రతిరక్షకాలు నిండుగా ఉన్నాయి. దీనిని అనేకమంది రోగులలో సరిచూసి 1968లో ప్రకటించారు.

ఈ చరిత్రలో తెలుగువారికి ఆసక్తి కలిగించే ఒక పాయ ఉన్నది. బర్కిట్ కంతికి 1960ల తొలినాళ్ళలో వాడిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సాగిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల ఫలితమే ఆ తరగతి మందులు.

వైరస్ ప్రవేశించే విధానం

ఎప్‌స్టీన్-బార్ వైరస్ హెర్పిస్ కుటుంబానికి చెందినది. దీని జన్యుపదార్థం రెండు పోగుల డి.ఎన్.ఏ. ఇది ముఖ్యంగా లాలాజలం ద్వారా వ్యాపిస్తుంది. ఎంగిలి గ్లాసు, ఎంగిలి చెంచా, అన్నం నమిలి పసిబిడ్డ నోటిలో పెట్టడం, ముద్దు పెట్టుకోవడం వంటివి దీనికి దారులు. పొదిగే కాలం 4 నుండి 6 వారాలు. అందువలన జ్వరం వచ్చిన నాటికి అది ఎవరినుండి సోకిందో చెప్పడం దాదాపు అసాధ్యం.

గొంతులో చేరిన వైరస్ టాన్సిళ్ళలోని బి-కణాలను ఆక్రమిస్తుంది. ప్రతిరక్షకాలను తయారుచేసే తెల్ల రక్తకణాలే బి-కణాలు. వైరస్ పై పొరలోని జీపీ350 అనే ప్రోటీను బి-కణం మీది సీడీ21 అనే గ్రాహకానికి తాళంలో తాళంచెవిలా అమరుతుంది. లోపలికి చేరిన వైరస్ ఆ కణాన్ని వెంటనే చంపదు. దానిని విభజన చెందిస్తూ తన సంఖ్య కూడా పెంచుకొని, చివరకు జ్ఞాపక బి-కణాలలో చేరి దాదాపు అన్ని ప్రోటీనుల తయారీనీ ఆపివేస్తుంది. బయటకు ఏ గుర్తూ చూపని అటువంటి కణాన్ని రోగనిరోధక వ్యవస్థ పట్టుకోలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఈ వైరస్‌కు చక్కగా సరిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో పది లక్షల బి-కణాలకు 1 నుండి 50 కణాలలో ఈ వైరస్ జీవితాంతం దాగి ఉంటుంది. వ్యాధి తీవ్రంగా ఉన్న రోజులలో మాత్రం రక్తంలోని జ్ఞాపక బి-కణాలలో సగం వరకూ దీని వశమై ఉండవచ్చు.

రోగనిరోధక ప్రతిస్పందన

తొలి అంచెలో పనిచేసేవి ఇంటర్‌ఫెరాన్లు, సహజ హంతక కణాలు (నేచురల్ కిల్లర్ కణాలు). సహజ హంతక కణాలకు ముందస్తు పరిచయం అవసరం లేదు. వైరస్ పట్టిన కణం మీద తేడా కనబడితే చాలు, దాడి చేస్తాయి. వీటిలో ఇంకా పూర్తిగా పరిణతి చెందని ఒక రకం కణాలు గ్రంథి జ్వరంలో ప్రత్యేకించి వృద్ధి చెందుతాయని, వైరస్ సంఖ్యను పెంచుకునే దశలో ఉన్న బి-కణాలను చంపుతాయని 2014లో ప్రచురితమైన పరిశోధన చూపింది. ఈ రకం కణాలు పసిపిల్లలలో ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ వాటి పాలు తగ్గుతుంది.

రెండవ అంచె టి-కణాలది. ఈ వ్యాధికి అసలైన స్వరూపం ఇచ్చేవి ఇవే. సీడీ8 టి-కణాలు అనే హంతక కణాలు వైరస్ ప్రోటీను ముక్కలను గుర్తించి, అవి పట్టిన బి-కణాలను నాశనం చేస్తాయి. గ్రంథి జ్వరంలో ఈ కణాలు పెరిగే తీరు మామూలు వైరస్ జ్వరాలలో కనబడనిది. ఒక్క వైరస్ ముక్కను గుర్తించే కణాలే మొత్తం సీడీ8 కణాలలో 40 శాతం దాటిన రోగులను 1998లో గుర్తించారు. కోలుకున్న తరువాత ఈ వాటా ఒకటి రెండు శాతానికి పడిపోతుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ప్రయోగించినట్లే అనిపిస్తుంది గాని, వైరస్ బి-కణాలను అదుపు లేకుండా పెంచగలదు కాబట్టి ఈ దాడి అనవసరం కాదు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడే విషయం ఒకటి ఉన్నది. రక్తపరీక్షలో కనిపించే పెద్ద పెద్ద విపరీత లింఫోసైట్లను వైరస్ పట్టిన కణాలని అనుకుంటారు. వైరస్ పట్టినవి బి-కణాలు. సూక్ష్మదర్శినిలో కనిపించే ఆ విపరీత లింఫోసైట్లు చాలావరకు వాటిని వేటాడుతున్న సీడీ8 టి-కణాలు. వ్యాధికి పేరు తెచ్చిన కణాలు రోగం కణాలు కావు, రక్షక కణాలు.

టి-కణాలు ఇంత పెద్ద సంఖ్యలో ఉద్రేకం చెందినప్పుడు ఇంటర్‌ఫెరాన్-గామా వంటి సంకేత రసాయనాలు రక్తంలో పెరుగుతాయి. జ్వరం, నీరసం, ఒళ్ళు నొప్పులు వాటి ఫలితమే. టాన్సిళ్ళు, మెడ గ్రంథులు, ప్లీహం ఈ కణాలతో నిండి ఉబ్బుతాయి. కాలేయంలోనికి కూడా అవి చేరడం వలన కాలేయ ఎంజైములు పెరుగుతాయి. వ్యాధి ఎంత తీవ్రమో సీడీ8 కణాల సంఖ్యతో ముడిపడి ఉంటుందని రోగులను వారం వారం పరిశీలించిన అధ్యయనాలు చూపాయి.

ప్రతిరక్షకాలు వరుసక్రమంలో తయారవుతాయి. వైరస్ గుల్లకు వ్యతిరేకమైన ఐజీఎం రకం మొదట వచ్చి రెండు మూడు నెలలలో పోతుంది. అదే గుల్లకు వ్యతిరేకమైన ఐజీజీ రకం వచ్చి జీవితాంతం నిలుస్తుంది. కేంద్రక ప్రోటీనుకు (ఈబీఎన్‌ఏ-1) వ్యతిరేకమైన ఐజీజీ మాత్రం ఆలస్యంగా, 2 నుండి 4 నెలల తరువాత కనిపిస్తుంది. గుల్ల ఐజీఎం ఉండి కేంద్రక ప్రతిరక్షకం లేకపోతే వ్యాధి కొత్తదని అర్థం. కేంద్రక ప్రతిరక్షకం ఉంటే వైరస్ సోకి చాలాకాలం అయినదని అర్థం.

వైరస్ బి-కణాలను విచక్షణ లేకుండా ప్రేరేపించడం వలన అవసరం లేని ప్రతిరక్షకాలు కూడా పుట్టుకొస్తాయి. పాల్, బన్నెల్ చూసిన గొర్రె కణాల ప్రతిరక్షకం అటువంటిదే. కొందరిలో ఇవి సొంత ఎర్రకణాల మీదనే దాడిచేసి కొంతకాలం రక్తహీనత కలిగిస్తాయి.

పసిపిల్లలలో నిశ్శబ్దం

పుట్టిన బిడ్డకు తల్లినుండి వచ్చిన ప్రతిరక్షకాలు సుమారు ఆరు నెలల వరకు రక్షణ ఇస్తాయి. ఆ తరువాత వైరస్ సోకే అవకాశం మొదలవుతుంది. పసిపిల్లలకు లక్షణాలు లేకపోవడం చూసి వారిలో వైరస్ తక్కువగా ఉంటుందని భావించేవారు. పరిశోధనలు ఈ భావనను తోసిపుచ్చాయి. ఆఫ్రికాలోని గాంబియాలో శిశువులపై జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, లక్షణాలు లేని పిల్లల రక్తంలో కూడా వైరస్ గ్రంథి జ్వరం రోగులలో ఉన్నంత ఎక్కువగా కనిపించింది. వారిలో వైరస్‌ను గుర్తించే సీడీ8 కణాలు కూడా తయారయి చురుకుగా ఉన్నాయి. కాని మొత్తం సీడీ8 కణాల సంఖ్య ఉప్పెనలా పెరగలేదు. అంటే పసిపిల్ల యుద్ధం చేస్తుంది, కాని ఊరంతటినీ యుద్ధానికి పిలవదు.

ఎందుకిలా అనే ప్రశ్నకు ఒకటికంటే ఎక్కువ వివరణలు ఉన్నాయి. పైన చెప్పిన సహజ హంతక కణాలు పిల్లలలో అధికంగా ఉండి మొదట్లోనే వైరస్‌ను అణచడం ఒకటి. పెద్దవారిలో ఫ్లూ వంటి పాత జబ్బుల జ్ఞాపకంగా మిగిలిన టి-కణాలు ఈ వైరస్ ముక్కలను కూడా పోలికగా గుర్తించి ఒక్కసారిగా విజృంభించడం మరొకటి. పిల్లలలో అటువంటి జ్ఞాపకాలు ఇంకా పోగుపడి ఉండవు. లోనికి చేరిన వైరస్ మోతాదు కూడా ఒక కారణమని కొందరి అభిప్రాయం. ఇవి ఒకదానినొకటి కాదనేవి కావు.

దక్షిణ భారతదేశంలో

ఈ వ్యాధి పేరు పాశ్చాత్య దేశాల కళాశాల విద్యార్థులందరికీ పరిచితం. తెలుగునాట చదువుకున్నవారిలో కూడా చాలామంది విని ఉండరు. వైరస్ ఇక్కడ అరుదు కావడం దీనికి కారణం కాదు. చిత్తూరుకు పొరుగున ఉన్న వెల్లూరులోని క్రిస్టియన్ వైద్య కళాశాలకు చెందిన వెంకిటరామన్, టి. జాకబ్ జాన్, ఫ్రాన్సుకు చెందిన లెన్వార్‌తో కలిసి దక్షిణ భారతంలో ఈ వైరస్ ప్రతిరక్షకాలను పరిశీలించి 1985లో ఫలితాలు ప్రకటించారు. ఇక్కడ వైరస్ తొలి బాల్యంలోనే సోకుతుందని ఆ అధ్యయనం చూపింది. చిన్ననాడే సోకిపోతే యౌవనంలో గ్రంథి జ్వరం రావడానికి ఆస్కారం ఉండదు.

వైరస్ సోకే వయసు జీవన పరిస్థితులతో మారుతుంది. ఒకే గదిలో ఎక్కువమంది ఉండటం, తోబుట్టువుల సంఖ్య, ఎంగిలి పట్టింపు వంటివన్నీ దీనిని నిర్ణయిస్తాయి. ఎంగిలిని దోషంగా చూసే ఆచారం ఇంట్లో ఎంత గట్టిగా ఉన్నా, చంటిపిల్లల విషయంలో అది సడలుతుంది. వైరస్‌కు అంతమాత్రం సందు చాలు. ఇళ్ళు విశాలమై, కుటుంబాలు చిన్నవయ్యేకొద్దీ వైరస్ సోకే వయసు వెనుకకు జరుగుతుందని అభివృద్ధి చెందిన దేశాల అనుభవం. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవినే ఉదాహరణగా తీసుకుంటే, అనాదిగా అక్కడ నివసించిన యానాదుల జీవితం ఒక రకం. 1971లో తొలి రాకెట్ ప్రయోగం జరిగిన నాటినుండి దేశం నలుమూలలనుండి వచ్చిన ఉద్యోగుల కాలనీల జీవితం మరొక రకం. చిన్న కుటుంబంలో ఒంటరిగా పెరిగి, పదిహేనవ ఏట వసతిగృహంలో చేరిన పిల్లవాడికి అప్పుడు తొలిసారి వైరస్ సోకితే, తాతల తరంలో కనబడని జ్వరం అతనికి రావచ్చు.

నిర్ధారణలో చిక్కులు

పిల్లలలో ఈ వ్యాధిని గుర్తించడం పెద్దవారిలో కంటే కష్టం. అందుకు ముఖ్య కారణం కూడా రోగనిరోధక ప్రతిస్పందనే. గొర్రె లేదా గుర్రం కణాలతో చేసే పరీక్ష (మోనోస్పాట్ పరీక్ష దీని శీఘ్ర రూపం) కౌమారంలో ఉన్నవారిలో 85 శాతం వరకు సరిగా పట్టిస్తుంది. నాలుగేళ్ళ లోపు పిల్లలలో సగానికి పైగా ఇది వ్యతిరేక ఫలితాన్నే ఇస్తుంది. వారి బి-కణాలు ఆ అవసరంలేని ప్రతిరక్షకాన్ని తయారు చేయవు. కాబట్టి చిన్నపిల్లలలో ఈ పరీక్షలో రాలేదంటే వ్యాధి లేదని అర్థం కాదు. వారికి గుల్ల, కేంద్రక ప్రతిరక్షకాల పరీక్షలే నమ్మదగినవి.

రక్తపరీక్షలో తెల్ల రక్తకణాలలో సగానికి పైగా లింఫోసైట్లు ఉండి, పదోవంతుకు మించి విపరీత కణాలు కనిపిస్తే ఈ వ్యాధిని అనుమానిస్తారు. అయితే డెంగీలో కూడా విపరీత లింఫోసైట్లు కనిపిస్తాయి. వానాకాలంలో జ్వరం, దద్దురు, కొంచెం తగ్గిన ప్లేట్‌లెట్లతో వచ్చిన బిడ్డకు ముందుగా డెంగీ అనుమానించడం సహజమే, సరైనదే కూడా. రక్త కాన్సర్ (ల్యుకేమియా) భయం మరొకటి. జ్వరం, గ్రంథుల వాపు, ప్లీహం వాపు, రక్తంలో వింత కణాలు అనే నాలుగూ రెండింటిలోనూ ఉంటాయి. గ్రంథి జ్వరంలో విపరీత కణాలు ఒకదానికొకటి పోలిక లేకుండా రకరకాలుగా ఉంటాయి. ల్యుకేమియాలో ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయి. అనుభవజ్ఞుడైన పాథాలజిస్టు ఈ తేడాను పట్టగలడు. అనుమానం తీరకపోతే ఎముక మజ్జ పరీక్ష అవసరమవుతుంది.

గొంతులో తెల్లని పొర కట్టడం చూసి కంఠసర్పి (డిఫ్తీరియా) అని అనుమానించవలసి వస్తుంది. తెలుగు రాష్ట్రాలలో కంఠసర్పి పూర్తిగా అంతరించలేదు. హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి అటువంటి పిల్లలు వస్తూ ఉండటం తెలిసినదే. టీకాలు సరిగా వేయించని బిడ్డ విషయంలో గ్రంథి జ్వరమేనని తేలికగా తీసుకోవడం ప్రమాదకరం. బుగ్గ క్రింద వాపు చూసి గవదబిళ్ళలు అనుకోవడం కూడా కద్దు. గవదబిళ్ళలలో వాచేది లాలాజల గ్రంథి. ఇందులో వాచేవి మెడ వెనుక వైపు శోషరస గ్రంథులు.

అన్నింటికంటే జాగ్రత్తగా చూడవలసినది క్షయ. మెడలో గ్రంథులు వాచి వారాల తరబడి జ్వరం ఉంటే మన ప్రాంతంలో వెంటనే గుర్తుకు వచ్చేది గండమాల, అంటే శోషరస గ్రంథుల క్షయ. దీనికి చర్మంలో ట్యూబర్‌క్యులిన్ సూది వేసి వాపు కొలుస్తారు. టి-కణాల జ్ఞాపకాన్ని కొలిచే పరీక్ష ఇది. గ్రంథి జ్వరం తీవ్రంగా ఉన్న రోజులలో టి-కణాల వ్యవస్థ తాత్కాలికంగా మందగించి, క్షయ క్రిములు ఉన్న బిడ్డలో కూడా ఈ పరీక్ష వ్యతిరేకంగా రావచ్చునని 1970లలో గుర్తించారు. టి-కణాలు కోకొల్లలుగా ఉన్న సమయంలోనే వాటి పరీక్ష విఫలం కావడం విచిత్రంగా కనిపించవచ్చు. అవి అన్నీ ఒకే శత్రువు మీద నిమగ్నమై ఉన్నాయన్నది దీనికి స్థూలమైన వివరణ. చిత్తూరు ప్రాంతానికి ఈ పరీక్షతో పాత అనుబంధం ఉన్నది. అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆరోగ్యాలయం 1948లో దేశంలో బి.సి.జి. టీకాలు మొదటగా వేసిన చోట్లలో ఒకటి. ఆ రోజులలో టీకాకు ముందు పిల్లలకు ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేసేవారు.

ఎంపిసిలిన్ దద్దురు

గొంతు నొప్పికి ఎంపిసిలిన్ లేదా అమాక్సిసిలిన్ ఇచ్చినప్పుడు గ్రంథి జ్వరం ఉన్న బిడ్డకు ఒళ్ళంతా ఎర్రని దద్దురు రావచ్చు. 1960లలో ఇది దాదాపు 90 శాతం మందిలో వస్తుందని వ్రాశారు. 2013లో ప్రచురితమైన ఇజ్రాయెల్ అధ్యయనంలో అమాక్సిసిలిన్ తీసుకున్న పిల్లలలో సుమారు 30 శాతం మందికే వచ్చింది. ఉద్రేకంలో ఉన్న రోగనిరోధక వ్యవస్థ తాత్కాలికంగా చూపే ప్రతిచర్యగా దీనిని భావిస్తారు. చాలామందిలో ఇది నిజమైన పెన్సిలిన్ ఎలర్జీ కాదు. కాని ఆసుపత్రి చీటీ మీద ఒకసారి పెన్సిలిన్ పడదు అని వ్రాస్తే ఆ మాట బిడ్డను జీవితాంతం వెంటాడుతుంది. రుమాటిక్ గుండె జబ్బు నివారణకు పెన్సిలినే ముఖ్యమైన మందు. అటువంటి మందును అనవసరంగా దూరం చేసుకోవడం చిన్న నష్టం కాదు. కోలుకున్న తరువాత వైద్యుని పర్యవేక్షణలో ఎలర్జీ ఉన్నదో లేదో నిర్ధారించుకోవడం మంచిది. అసలు, వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదన్న సంగతి గుర్తుంటే ఈ చిక్కు చాలావరకు రాదు.

ప్రతిస్పందన గాడి తప్పినప్పుడు

అరుదుగా కొందరు పిల్లలలో ఈ వైరస్ ప్రాణాంతకమవుతుంది. వారిలో చాలామందికి రోగనిరోధక వ్యవస్థలో పుట్టుకతో ఒక జన్యులోపం ఉంటుంది. 1970లలో డేవిడ్ పర్టిలో వర్ణించిన ఒక వ్యాధిలో ఒకే కుటుంబంలోని మగపిల్లలు వరుసగా ఈ వైరస్ వలన మరణించారు. ఎక్స్ క్రోమోసోము మీది ఒక జన్యువు లోపించడమే కారణమని 1998లో తేలింది. ఆ జన్యువు తయారుచేసే శాప్ అనే చిన్న ప్రోటీను లేకపోతే సీడీ8 కణాలు, సహజ హంతక కణాలు వైరస్ పట్టిన బి-కణాన్ని చూస్తాయి గాని చంపలేవు. శత్రువు చావకపోవడంతో ఉద్రేకం ఆగదు. భక్షక కణాలు రెచ్చిపోయి సొంత రక్తకణాలనే మ్రింగుతాయి. తగ్గని జ్వరం, రక్తకణాలన్నీ పడిపోవడం, పెరిగే ప్లీహం, రక్తంలో ఫెరిటిన్ విపరీతంగా పెరగడం దీని గుర్తులు. దీనిని హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్ అంటారు.

పై వ్యాధి తల్లి ద్వారా కొడుకులకు వస్తుంది. కనుక బిడ్డ మేనమామలలో ఎవరైనా బాల్యంలో ఇటువంటి జ్వరంతో మరణించారా అని అడగడం వైద్యునికి చాలా ఉపయోగం. పెర్ఫోరిన్, ఐటీకే, సీడీ27 వంటి ఇతర లోపాలు తల్లిదండ్రులిద్దరి నుండీ లోపమున్న జన్యువు అందినప్పుడు వస్తాయి. మేనరికాలు, మేనమామతో వివాహాలు ఉన్న కుటుంబాలలో ఇటువంటి అంతర్గత లోపాలు బయటపడే అవకాశం ఎక్కువ. రాయలసీమ, దక్షిణ కోస్తా జిల్లాలలో ఈ ఆచారం ఇంకా ఉన్నందున ఈ విషయం పాఠ్యపుస్తకాలకే పరిమితమైనది కాదు. త్వరగా గుర్తిస్తే ఎటోపొసైడ్, స్టెరాయిడ్లు, బి-కణాలను తొలగించే రిటుక్సిమాబ్‌తో ఉద్రేకాన్ని అణచి, తరువాత మూలకణ మార్పిడితో లోపాన్ని సరిచేయవచ్చు. ఆలస్యమైతే ప్రాణం దక్కడం కష్టం.

చికిత్స, జాగ్రత్తలు

సాధారణ గ్రంథి జ్వరానికి ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతి, తగినన్ని ద్రవాలు, జ్వరానికి పారాసెటమాల్ సరిపోతాయి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. అసైక్లోవిర్ లాలాజలంలో వైరస్‌ను తగ్గిస్తుంది గాని వ్యాధి కాలాన్ని తగ్గించదు. వ్యాధిని కలిగించేది అప్పటికే మొదలైన రోగనిరోధక ప్రతిస్పందన కావడమే దీనికి కారణం. టాన్సిళ్ళు ఉబ్బి ఊపిరి అడ్డుపడే స్థితిలో స్టెరాయిడ్లు వాడతారు. మామూలు జ్వరానికి వాటిని వాడకపోవడమే మేలు.

ప్లీహం పగలడం అరుదైన ప్రమాదం. వెయ్యిమందిలో ఒకరి నుండి అయిదుగురి వరకు ఇది సంభవించవచ్చు. చాలావరకు మొదటి మూడు వారాలలోనే జరుగుతుంది. పల్లెలలో కడుపులో బల్ల అని పిలిచేది ఉబ్బిన ప్లీహాన్నే. కనీసం మూడు నాలుగు వారాలు కబడ్డీ, కుస్తీ వంటి ఆటలు, బరువులెత్తడం మానాలి. జ్వరం తగ్గిన బిడ్డ హుషారుగా కనిపించినా ఇది వర్తిస్తుంది. ఎడమ ప్రక్కటెముకల క్రింద హఠాత్తుగా నొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ముఖం పాలిపోవడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. శ్రీహరికోట వంటి చోట్లనుండి సరస్సు దాటి సూళ్ళూరుపేట చేరి, అక్కడినుండి తిరుపతికో నెల్లూరుకో చెన్నైకో వెళ్ళవలసి ఉంటుంది కాబట్టి ఆ ప్రయాణ సమయాన్ని కూడా లెక్కలోనికి తీసుకోవాలి.

దాగిన వైరస్

కోలుకున్న తరువాత కూడా టి-కణాలు ఈ వైరస్‌ను జీవితాంతం కాపలా కాస్తూనే ఉంటాయి. కాపలా సడలినప్పుడు వైరస్ మేల్కొంటుంది. అవయవ మార్పిడి తరువాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడే పిల్లలలో ఇది బి-కణాల కంతులకు దారితీయవచ్చు. ఆఫ్రికాలో మలేరియా పదే పదే సోకే పిల్లలలో బర్కిట్ కంతి రావడం మరొక ఉదాహరణ. హాడ్జ్‌కిన్ లింఫోమాలో కూడా ఈ వైరస్ పాత్ర ఉన్నది. అమెరికా సైన్యంలోని కోటి మందికి పైగా వివరాలు పరిశీలించి 2022లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఈ వైరస్ సోకిన తరువాత మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీవ్యాధి వచ్చే అవకాశం 32 రెట్లు పెరుగుతుంది. సోకినవారిలో అత్యధికులకు ఆ వ్యాధి రాదన్నది కూడా గమనించాలి.

కాపలా సడలడాన్ని చాలా స్పష్టంగా చూపినవారు వ్యోమగాములు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పరిశోధకులు స్పేస్ షటిల్‌లో ప్రయాణించిన 89 మందిలో 47 మంది, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న 23 మందిలో 14 మంది లాలాజలంలో లేదా మూత్రంలో హెర్పిస్ కుటుంబపు వైరస్‌లను విడుదల చేశారని గుర్తించారు. వాటిలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఒకటి. ప్రయాణపు ఒత్తిడితో కార్టిసాల్ వంటి హార్మోన్లు పెరగడం, టి-కణాల, సహజ హంతక కణాల శక్తి తగ్గడం దీనికి కారణాలు. చాలామందికి లక్షణాలేవీ కలుగలేదు. బాల్యంలో ఎప్పుడో ఎంగిలి ద్వారా చేరిన వైరస్ దశాబ్దాల తరువాత భూమిని దాటి మేల్కొన్నదన్నమాట. గగన్‌యాన్ మానవ యాత్రకు ఎంచుకున్న ప్రయోగ కేంద్రం శ్రీహరికోటయే. వ్యోమగాముల నౌకను అత్యవసరంగా తప్పించే వ్యవస్థను 2023 అక్టోబరు 21న ఇక్కడినుండే పరీక్షించారు.

టీకా

వాడుకలోనికి వచ్చిన టీకా ఏదీ లేదు. జీపీ350 ప్రోటీనుతో తయారుచేసిన టీకాను బెల్జియంలో వైరస్ సోకని 181 మంది యువతపై ప్రయోగించి 2007లో ఫలితాలు ప్రకటించారు. అది గ్రంథి జ్వరాన్ని 78 శాతం తగ్గించింది. వైరస్ సోకడాన్ని మాత్రం ఆపలేకపోయింది. 2020ల తొలినాళ్ళనుండి ఎం.ఆర్.ఎన్.ఏ. పద్ధతి టీకాలను కూడా మనుషులపై ప్రయోగిస్తున్నారు. దక్షిణ భారతం వంటి చోట్ల వైరస్ తొలి ఏళ్ళలోనే సోకుతుంది కాబట్టి, ఇక్కడ పనికిరావాలంటే అటువంటి టీకాను తల్లి ప్రతిరక్షకాలు తరిగిపోయే ఆరు నెలల ప్రాయానికి దగ్గరలోనే వేయవలసి ఉంటుంది.